మళ్లీ రెండు రోజుల పండగ

సాయంత్రం నుంచి మూడు ఫోన్లు, మూడిట్లోనూ ఒకటే ప్రశ్న: "పండగ రేపా, ఎల్లుండా?" అత్తయ్య గోడ క్యాలెండరు వదలదు, పిల్లలు సెల్లు వదలరు. తులసికోట దగ్గర దీపం మాత్రం గాలికి ఆరకుండా చక్కగా వెలిగింది.

2024 దీపావళి ఇంకా మనసులో మెదులుతోంది. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి వచ్చి, నవంబరు 1 సాయంత్రం 6.16కి వెళ్లింది. లక్ష్మీపూజకు ప్రదోషంలో, అంటే పొద్దుగుంకాక సుమారు రెండున్నర గంటల్లో, అమావాస్య ఉండాలి. 31న ఆ వేళంతా ఉంది. ఒకటిన హైదరాబాదులో పొద్దుగుంకింది 5.45 ప్రాంతంలో, కాబట్టి అరగంట తగిలింది. పేచీ అంతా ఆ అరగంటతోనే. రెండు రోజులూ ప్రదోషానికి తగిలితే రెండోదే పట్టాలని కొందరు, రాత్రంతా ఉన్న రోజే పట్టాలని కొందరు. మన రెండు రాష్ట్రాల్లో సెలవు 31నే ఇచ్చారు. న్యూజెర్సీలో అదే అమావాస్య 31 ఉదయం 6.22 నుంచి మర్నాడు 8.46 దాకా. దానికి దొరికిన ప్రదోషం ఒక్కటే, సందేహమే లేదు. అక్కడున్నవాళ్లు అక్కడి ఉదయాస్తమయాలతో వేసిన పంచాంగమే చూడాలి, ఇక్కడి తేదీ కాదు.

పంచాంగకర్తలకు మాట కలవదని కోపంగా రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే అది అన్యాయమనిపిస్తోంది. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అందుకు ఒక్కోసారి 19 గంటలు చాలు, ఒక్కోసారి 26 పడుతుంది. రోజులో అచ్చంగా ఎలా ఇముడుతుంది? అసలు చిక్కు క్యాలెండరు గడిలో ఉంది. అందులో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. అది ఉగాదికి సరిపోతుంది. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం చూడాలి, శివరాత్రికి అర్ధరాత్రి. గడి చూసి చవితి చేస్తే ఒక్కోసారి రోజు తప్పుతుంది.

అధికమాసం వస్తే నెలే మారుతుంది. 2026లో బుద్ధ పూర్ణిమ మనకు మే 1, థాయ్‌లాండ్‌లో మే 31. మనకు ఆ ఏడు అధికం వైశాఖం తర్వాత, జ్యేష్ఠంలో పడింది. వాళ్లు అదనపు నెలను ఎప్పుడూ ఎనిమిదో నెల దగ్గరే కలుపుతారు, అలాంటి ఏడు ఈ పండగను ఏడో నెల పున్నమికి జరుపుతారు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే.

రేపు పొద్దున్నే క్యాలెండరు దించి, పండగ ఉన్న ప్రతి గడిలో తిథి వచ్చే గంట, వెళ్లే గంట పెన్సిలుతో రాసి పెట్టాలి. అత్తయ్య కళ్లజోడు లేకుండా చదివేంత పెద్ద అంకెల్లో.