మా అమ్మాయి అమ్మమ్మని అడిగిన ప్రశ్న

మేం మిన్నెసోటాలో, షాకోపీలో ఉంటాం. ఈ రాష్ట్రపు ఆడవాళ్ల జైలు ఉన్నది ఈ ఊళ్లోనే. మామూలు ఇళ్ల మధ్యలో ఉంటుంది, చాలా ఏళ్లు దాని చుట్టూ కంచె కూడా లేదు, పొదల వరస మాత్రమే. పదకొండేళ్లుగా కూరగాయలకీ, పిల్లల ఈత క్లాసులకీ ఆ పక్కగానే కారు పోనిస్తున్నా, లోపల ఎవరుంటారో అని ఒక్కసారి కూడా నేను అనుకోలేదు.

మా పెద్దమ్మాయి యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. మొదటి ఏడు ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేసే ఒక విద్యార్థి బృందంలో చేరింది, అక్కణ్ణుంచి జైల్లో ఉన్న తల్లుల మీద జరిగే ఒక పరిశోధనలో చిన్న పని దొరికింది. రికార్డు చేసిన ఇంటర్వ్యూలు విని టైప్ చేయడం, పేర్లు తీసేయడం. నాకు చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "జైలా? ఎందుకే నీకు?" అని. రెండోది ఇంకా ఘోరం, "ఇది మెడిసిన్‌కి పనికొస్తుందా?" అన్నాను. అది కోప్పడలేదు. "అమ్మా, వాళ్లని ఖైదీలు అనకు, జైల్లో ఉన్న తల్లులు అను" అంది, అంతే.

నాకు కథలు వినాలని ఉండేది. ఎవరు, ఏం చేశారు, పిల్లలెక్కడ అని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. చిన్నప్పుడు కడుపులో ఒక్క మాట దాచుకోలేని పిల్ల, "చెప్పకూడదమ్మా, నమ్మి చెప్పారు" అని ఊరుకునేది. పిల్లలు ఎదిగారని మనకి డిగ్రీలప్పుడు కాదు, ఇలాంటప్పుడే తెలుస్తుందనిపించింది. చట్టాలు మాత్రం ఎంతసేపైనా చెప్పేది. ఇక్కడ జైల్లో ఉండగా కాన్పు అయితే, ఒకప్పుడు తల్లీబిడ్డా ఆసుపత్రిలో కలిసి ఉండేది రెండు మూడు రోజులే. ఆ తర్వాత తల్లి ఒక్కతే వెనక్కి వెళ్లాలి, పాలతో బరువెక్కిన రొమ్ములతో. కాన్పుకి తోడుండే డూలాలు, రెబెకా ష్లాఫర్ లాంటి పరిశోధకులు ఏళ్లుగా పనిచేశాక, 2021లో హెల్తీ స్టార్ట్ యాక్ట్ వచ్చింది. అర్హత ఉన్న గర్భిణులనీ, కొత్తగా కన్నవాళ్లనీ ఒక ఏడాది దాకా బయట, బిడ్డతో కలిసి ఉండనివ్వచ్చు. అమెరికాలో ఇలాంటి చట్టం ఇదే మొదటిదట.

ఇంకో చట్టం ఉంది, 1997లోది, దేశమంతటికీ వర్తిస్తుంది. బిడ్డ 22 నెలల్లో 15 నెలలు ప్రభుత్వ సంరక్షణలో ఉంటే, తల్లిదండ్రుల హక్కు రద్దు చేయమని రాష్ట్రం కోర్టుకి వెళ్లాలి. మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి బంధువులు పెంచుతుంటే. "అందుకే అమ్మమ్మలమ్మా, చాలామంది పిల్లల్ని అమ్మమ్మలే పెంచుతున్నారు" అని చెప్పి నా వైపు చూసింది. నేను గబగబా పోపు వేసుకుంటూ ఉండిపోయాను.

ఎందుకంటే నేను దాన్ని 2005లో, పదకొండు నెలలప్పుడు, ఒంగోల్లో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. మా ఇద్దరివీ కొత్త ఉద్యోగాలు, డేకేర్ ఖర్చు మా వల్ల కాలేదు. అప్పట్లో మనవాళ్లలో ఎంతోమంది చేసిన పనే, ఎవరూ తప్పనలేదు, నేనూ అనుకోలేదు. ఏడాదిన్నర. కాలింగ్ కార్డు కొని ఆదివారాలు మాట్లాడేదాన్ని, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ. తీసుకురావడానికి వెళ్లినప్పుడు "అమ్మ ఏదీ?" అని మా అమ్మ అడిగితే, అది నన్ను దాటుకుని వెళ్లి టీవీ పక్కనున్న ఫోన్ చూపించింది. అమ్మంటే దానికి ఫోన్. నేను నవ్వేసి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు.

2023 జులై నుంచి మిన్నెసోటా జైళ్లలో ఫోన్ కాల్స్ ఉచితం చేశారని అది చెప్పిన రోజున ఈ ఫోన్ సంగతి మొత్తం చెప్పేశాను. నాదీ, జైల్లో ఉన్న తల్లిదీ ఒకటి కాదు, నాకు తెలుసు. నేను టికెట్ కొనుక్కుని ఎప్పుడైనా వెళ్లగలిగేదాన్ని, వాళ్లకి ఆ తలుపు లేదు. అదే మాట దానితో అన్నాను. "అవును, ఒకటి కాదు" అంది. కాసేపాగి, "కానీ నువ్వు ఇన్నాళ్లూ చెప్పలేదు కదా" అంది.

తర్వాత ఇండియాలో ఎలా ఉంటుందని అడిగింది. గుంటూరులో లాయరుగా ఉన్న మా బాబాయి కొడుకుతో మాట్లాడించాను. 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉందట, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, మన రాష్ట్రం పేరుతోనే. ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డ తల్లితో జైల్లో ఉండొచ్చు, తిండీ వైద్యమూ చూడాలి, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు జైలని రాయకూడదు. "చూశావా, మన దగ్గరే నయం" అన్నాను. అది ఊరికే ఒప్పుకోలేదు. "ఆరేళ్లు నిండాక? అప్పటికి అమ్మ బాగా తెలిసిపోయి ఉంటుంది కదా, అప్పుడు విడదీస్తారా?" అని వాణ్ణే అడిగింది. వాడి దగ్గరా జవాబు లేదు.

పోయిన నెల ఒక శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున, అది అమ్మమ్మకి వీడియో కాల్ చేసింది. మామూలుగా "తిన్నావా, బాగున్నావా" దగ్గరే ఆగిపోయే మాటలు. ఆ రోజు నోట్‌బుక్ ముందు పెట్టుకుని, దాని వంకర తెలుగులోనే, "అమ్మమ్మా, అమ్మ నన్ను తీసుకెళ్లిపోయాక నువ్వేం చేశావు?" అని అడిగింది.

ఇరవై ఏళ్లలో నేను ఆ ప్రశ్న అడగలేదు. నా బాధ నాదే అనుకున్నాను, బిడ్డ బాధ బిడ్డది అనుకున్నాను, మధ్యలో ఆవిడ ఉన్న సంగతే నాకు తట్టలేదు.

మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాం. తర్వాత అంది, "నాదేముందే తల్లీ, పనిలో పడిపోయా. మీ తాతయ్యే, వసారాలో నీకు కట్టిన చీర ఉయ్యాల ఉంది చూడు, అది విప్పమంటే రేపు రేపు అని నెల రోజులు విప్పలా."