36వ వారంలో తల పైకే ఉన్న బిడ్డ

మా అబ్బాయికి ఇప్పుడు నాలుగో నెల. నెలలు నిండుతున్నా కడుపులో బిడ్డ తల కిందికి తిరగలేదన్న మాట విని, ఎవరిని ఏమడగాలో తెలియక కూర్చున్న తల్లి ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను.

తొలి కాన్పు కనుక నేను ఆమదాలవలస దగ్గర మా పుట్టింటికి వచ్చి ఉన్నాను. 36వ వారంలో శ్రీకాకుళంలో తీసిన స్కానింగ్‌లో, బిడ్డ పిరుదులు కిందికి ఉన్నాయనీ, కాళ్ళు రెండూ నిటారుగా చాచి పాదాలు ముఖం దగ్గర పెట్టుకుని ఉందనీ తేలింది. నెల రోజులుగా నా పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా తగులుతున్నది తలేనని అప్పుడు అర్థమైంది.

ఇంటికి చేరగానే అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: నువ్వేం చేశావు? వెల్లకిలా పడుకున్నావా, బిందె ఎత్తావా, స్కూటరు మీద తిరిగావా అని. ఎవరూ చెడు ఉద్దేశంతో అడగలేదు, కానీ ఆ రాత్రి నేను నిజంగానే నా తప్పు కోసం వెతుక్కుని ఏడ్చాను. మర్నాడు అమ్మను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ ప్రశ్నను అమ్మ ఎదుటే అడిగాను. 28 వారాలప్పుడు వందలో ఇరవైమందికి పైగా బిడ్డలు ఇలాగే ఉంటారనీ, నెలలు నిండేసరికి ముగ్గురో నలుగురో మాత్రమే అలా మిగులుతారనీ, గర్భసంచి ఆకారం, గడ్డలు, మాయ కిందికి ఉండడం, ఉమ్మనీరు ఎక్కువ తక్కువలు కొందరిలో కారణమైనా చాలామందిలో ఏ కారణమూ కనబడదనీ ఆవిడ ఓపికగా చెప్పారు. ఆ తరువాత మా ఇంట్లో ఆ ప్రశ్న మళ్ళీ వినబడలేదు. ఆ నెలలో నేను చేసిన పనులన్నిటిలోకీ మేలైనది అమ్మను తీసుకువెళ్ళడమే.

మా పెద్దమ్మ మాత్రం, పొరుగూరిలో కడుపు సర్దే ఆవిడను పిలిపిస్తానంది. "నూనె రాసి రెండుమాట్లు సర్దితే గుంట తిరిగిపోతాది, ఆపరేషన్ అక్కర్నేదే" అంది. పెద్దమ్మ ప్రేమను నేను శంకించను. అయితే ఆ చేతులకు మాయ ఎక్కడ అంటుకుని ఉందో తెలియదు, బిడ్డ గుండె కొట్టుకోవడం వినబడదు, రక్తస్రావం మొదలైతే ఆపే దారి లేదు. ఆ మాటే చెప్పి వద్దన్నాను.

నిజానికి చేతులతో బిడ్డను తిప్పే పద్ధతి ఆసుపత్రిలోనూ ఉంది, దానిని ఈసీవీ అంటారు. అది చేసే డాక్టరు విశాఖపట్నంలో ఉన్నారని తెలిసి, 37వ వారంలో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వెళ్ళాము. మొత్తం మీద సగం మందిలో బిడ్డ తిరుగుతుందనీ, తొలి కాన్పులో ఆ అవకాశం ఇంకా తక్కువనీ, రెండు వందలలో ఒకరికి అప్పటికప్పుడు ఆపరేషన్ అవసరం కావచ్చు కనుక థియేటరు అందుబాటులో ఉంచుకునే చేస్తామనీ ముందే చెప్పారు. బిడ్డ గుండె చప్పుడు కాసేపు చూసి, గర్భసంచి వదులయ్యేందుకు ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ పిరుదులను పైకెత్తి తలను పక్కకు నెట్టారు. నొప్పి ఉంది, దాచను. బిడ్డ సగం దాకా తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చింది. రెండోసారీ అంతే. అక్కడితో ఆపేశారు. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే, బిడ్డ రక్తానికి ఆమె ఒంట్లో వ్యతిరేకత పుట్టకుండా తరువాత యాంటీ-డి అనే ఇంజెక్షన్ కూడా ఇస్తారట. తిరుగు ప్రయాణంలో బాధపడ్డాను గానీ, వెళ్ళినందుకు ఈనాటికీ చింత లేదు.

ఇక మిగిలింది కాన్పు ఎలాగన్నది. 26 దేశాలలో రెండు వేలమందికి పైగా తల్లులతో జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనం తరువాత, ఇలాంటి బిడ్డలకు ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ వైపే చాలా ఆసుపత్రులు మొగ్గాయని డాక్టరమ్మ వివరించారు. అనుభవమున్న చేతులు ఉన్నచోట మామూలు కాన్పు కూడా సాధ్యమేననీ, తన దగ్గర ఆ అనుభవం ఉన్నవారు రాత్రీపగలూ ఉండరనీ దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ చూసే నేను ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. 39వ వారానికి తేదీ పెట్టాము. ఈలోగా ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఎదురుచూడకుండా, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారే ప్రమాదం ఉంది కనుక, వెంటనే 108కు ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ నేర్పాను.

అనుకున్న రోజునే బాబు పుట్టాడు. కడుపులో ఉన్నట్టే కొన్నాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకునే పడుకున్నాడు. ఇలా ఉన్న పిల్లలలో తుంటి కీలు సరిగా కుదరకపోయే అవకాశం ఎక్కువ కాబట్టి ఆరో వారంలో స్కానింగ్ చేయించమన్నారు, కాళ్ళు బలంగా లాగవద్దన్నారు, నిటారుగా చాపి బిగించి చుట్టవద్దన్నారు. మా అమ్మమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఎందరు పసిపిల్లలకు నీళ్ళు పోసిందో లెక్కలేదు. కాళ్ళు సాగదీయకపోతే స్నానమే కాదని నమ్మే మనిషి. అయినా ఆ మాట విన్న రోజు నుంచి వాడి మోకాళ్ళు వంగినవి వంగినట్టే ఉంచి నూనె రాసింది, నడుము కింద వదులుగా గుడ్డ చుట్టింది. ఆరో వారంలో కీళ్ళు రెండూ బాగున్నాయన్న కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.