కాణిపాకం నుంచి రుయాకు

మా నాయన పొలం కుదువబెట్టి నా అప్పులన్నీ కట్టేశాడు. అమ్మ నన్ను కాణిపాకం తీసుకెళ్లి, వినాయకుడి ఎదుట ఇక పేక ముట్టనని ప్రమాణం చేయించింది. ఆ ప్రమాణం మనస్ఫూర్తిగానే చేశాను. అయినా కొన్ని వారాలకే మళ్లీ ఫోన్‌లో రమ్మీ మొదలైంది. దేవుడి ముందు ఇచ్చిన మాటే నిలబెట్టుకోలేనివాడు ఇంకేం బాగుపడతాడని ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నారు. నేనూ వదులుకున్నాను.

మాది చిత్తూరు. నాది సేల్స్ ఉద్యోగం, పలమనేరు మీదుగా ముల్బాగల్ దాకా లైను. 2020లో మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాక ఇక్కడ యాప్ తెరుచుకునేది కాదు. కర్ణాటక సరిహద్దులోని నంగిలి దాటితే తెరుచుకునేది. లైను లేని రోజు కూడా ఏదో పని చెప్పి బండి మీద సరిహద్దు దాటి, రోడ్డు పక్క చింతచెట్టు కింద చీకటి పడేదాకా ఆడేవాణ్ణి. ఛార్జింగ్ అయిపోతుందన్న భయంతో పవర్ బ్యాంకు వెంట ఉంచుకునేవాణ్ణి. అన్నం సంగతి గుర్తుండేది కాదు.

తిరుపతిలో ఉండే మా అక్క ఒక్కతే వేరేగా ఆలోచించింది. "నిద్ర లేదు, తిండి లేదు, సగం మనిషివయ్యావు. ఇది జబ్బు కాకపోతే ఇంకేంది రా? పద" అని రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ మొదట అప్పు ఎంతని అడుగుతారనుకున్నాను. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. మిగతా ప్రశ్నలన్నీ ఆ తర్వాతే. పోయిన డబ్బు రాబట్టాలని మళ్లీ ఆడుతున్నావా? మొదట వంద రూపాయలతో వచ్చిన హుషారు ఇప్పుడు ఎంత పెడితే వస్తోంది? ఆపితే చిరాకు, టెన్షన్ వస్తున్నాయా? గెలిచిన రోజు ఏం చేశావు?

ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఒక రాత్రి సగం అప్పు తీరేంత డబ్బు గెలిచాను. దాన్ని బ్యాంకులోకి తీసుకోకుండా తెల్లారేసరికి మొత్తం పోయేదాకా ఆడాను. అప్పు తీర్చడానికే ఆడుతున్నానన్న మాటకు ఇక అర్థం లేదని ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల వరసలో చేర్చిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఇది వ్యాధేనని ఆమె చెప్పారు. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మెదడును కట్టి పడేస్తుందట. ఇంకో సంగతి నాకు బాగా పట్టింది. ఒక్క ముక్క పడుంటే షో కొట్టేవాణ్ణి అనిపించినప్పుడు, ఓడినా సరే మెదడులో గెలుపుకు స్పందించే భాగాలే కదులుతాయట. రాత్రంతా నన్ను కూర్చోబెట్టింది ఆ ఒక్క ముక్కే. ప్రమాణం తప్పినందుకు నన్ను నేను అసహ్యించుకుంటున్న రోజుల్లో ఈ మాట మందులా పనిచేసింది.

జూదానికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. మద్యం మాన్పించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ కొందరికి వాడతారు. నాకు దిగులు తగ్గడానికి మాత్రలు ఇచ్చారు. అసలు వైద్యం కౌన్సెలింగ్‌లో జరిగింది. ఆడాలన్న కోరిక ఎప్పుడు లేస్తోందో నోటుబుక్కులో రాయమన్నారు. జీతం పడిన రాత్రి, నంగిలి రోడ్డు, ఇంట్లో మాటామాటా వచ్చిన సాయంత్రం. కోరిక లేచినా దాని మాట వినకుండా ఆగితే కాసేపటికి అదే దిగుతుందని అనుభవంలో చూశాను. ఓనర్‌ని బతిమాలి పుత్తూరు లైనుకు మారాను. నా ఫోన్‌లో యూపీఐ తీసేశాం. జీతం మా ఆవిడ ఖాతాలో పడుతుంది, పెట్రోలుకు ఆవిడ చేతి నుంచి తీసుకుంటాను. నామర్దాగా ఉండదా అని స్నేహితులు అడుగుతారు. నాకు ప్రాణానికి హాయిగా ఉంది.

మా నాయననూ పిలిపించి, ఇకమీదట అబ్బాయి అప్పు మీరు కట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. అప్పు తీరిపోతే ఇల్లంతా జబ్బు కూడా తీరిందనుకుంటుందని, చికిత్స మాట మరిచిపోతుందని ఆమె అన్నారు. మా ఇంట్లో జరిగింది అచ్చం అదే.

2025లో కేంద్రం చట్టం తెచ్చాక పేరున్న రమ్మీ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మంచిదే. కానీ యాప్ మూతపడితే కోరిక మూతపడదు, దొంగ లింకులు పంపేవాళ్లు ఉండనే ఉన్నారు. ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నేను ఇంకా రివ్యూకు వెళ్తూనే ఉన్నాను. నాయన కూడా బస్సెక్కి వస్తాడు, డాక్టరమ్మ ముందు నాకన్నా ఎక్కువ మాట్లాడతాడు. పొలం కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, నెలనెలా కంతు నా జీతంలోంచే కడుతున్నాం.