బ్లూ బుక్‌లో వేరే స్కూల్ పేరు

2018 మేలో నేను థాయ్‌లాండ్‌లోని కోరాట్‌కి లెక్కల టీచర్‌గా వెళ్లాను. అంతకు ముందు సత్తెనపల్లిలో ఆరేళ్లు ప్రైవేట్ స్కూల్లో చెప్పాను, బీఈడీ ఉంది, ఇంగ్లీషులో పాఠం చెప్పగలను. ఏజెన్సీ వాళ్లు వీసా, వర్క్ పర్మిట్ అన్నీ మేమే చూసుకుంటామన్నారు. జులైలో వర్క్ పర్మిట్ వచ్చింది. అప్పట్లో అక్కడ దాన్ని అందరూ బ్లూ బుక్ అనేవాళ్లు, నీలం అట్ట ఉన్న చిన్న పుస్తకం. ఒరిజినల్ మా దగ్గర భద్రంగా ఉంటుంది అని చెప్పి నాకు జిరాక్స్ ఇచ్చారు. నేను సరే అన్నాను. అక్కడ అడగాల్సింది, అడగలేదు. చట్టం ప్రకారం అది పని చేసే మనిషి దగ్గరో, పని చేసే చోటో ఉండాలని నాకు తర్వాత తెలిసింది.

సెప్టెంబర్‌లో ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో బ్యాంకు పని కోసం ఆ జిరాక్స్ తీశాను. పక్కనే సైన్స్ చెప్పే థాయ్ టీచర్ ఉన్నారు, నాకంటే పెద్దావిడ, నేను ‘పీ’ అని పిలిచేదాన్ని, మనం అక్కా అన్నట్టు. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని చదివి, మళ్లీ చదివి, ఇందులో మన స్కూల్ పేరు లేదు అన్నారు. చయ్యఫూమ్‌లో ఏదో స్కూల్ పేరుంది, పక్క జిల్లా. నేను ఆ ఊరు చూడను కూడా చూడలేదు.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే అందరికీ ఇలాగే చేస్తాం, టెన్షన్ పడొద్దు అన్నారు. అనుమతి తేలిగ్గా దొరికే చోటు పేరు రాయించి, ఖాళీ ఉన్న చోటికి మనుషుల్ని పంపుతున్నారని అప్పుడు అర్థమైంది. పర్మిట్ లేకుండా పని చేస్తూ దొరికితే 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా, దేశం నుంచి పంపేయడం, ఆపైన రెండేళ్ల వరకు కొత్త పర్మిట్ ఇవ్వకపోవడం అని చదివాను. నాది ఆ తప్పు కిందికి వస్తుందా, చిన్న తప్పు కిందికి వస్తుందా అని రాత్రంతా నిద్ర లేదు. పిల్లలకి భిన్నాలు చెబుతుంటే గేటు దగ్గర ఏ కారు ఆగినా గుండె దడదడలాడేది. తప్పు వాళ్లది, భయం నాది. ఇప్పటికీ నాకు కోపం అక్కడే.

అక్కడ మొదటి టర్మ్ సెప్టెంబర్ చివరికో అక్టోబర్ మొదట్లోనో అయిపోతుంది, రెండోది నవంబర్‌లో మొదలవుతుంది. ఉద్యోగం మారాలంటే ఆ ఒక్క నెలే చేతిలో ఉంది. అజార్న్ డాట్ కామ్ అనే టీచర్ ఉద్యోగాల సైట్‌లో ప్రకటనలు చూసి దాదాపు నలభై చోట్లకి దరఖాస్తు పంపాను. సగం వాటిలో నేటివ్ స్పీకర్లు, అంటే ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు మాత్రమే అని ఉంటుంది, అయినా పంపాను. మనలాంటి వాళ్లని టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతారు, అది ముందే రాసి ఉండటం మేలైంది. ఐదుగురు జవాబిచ్చారు, ఇద్దరు ఇంటర్వ్యూకి పిలిచారు. మొదటి చోట ఏడాది మధ్యలో ఎందుకు మానేస్తున్నారు అంటే ‘వ్యక్తిగత కారణాలు’ అన్నాను, వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. రెండోది ఖోన్ కేన్‌లో, ఇంగ్లిష్ ప్రోగ్రామ్ ఉన్న స్కూలు. అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పి జిరాక్స్ బల్ల మీద పెట్టాను. ఆఫీసు చూసే ఆవిడ అది చదివి, మీ పర్మిట్ మా స్కూలే నేరుగా చేస్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు అన్నారు. డెమో క్లాసు మర్నాడు.

ఉద్యోగం ఖాయమయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. నా పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంది, డిగ్రీ ఓడీ మీద, మార్కుల మెమోల మీద ఒక్క అక్షరమే ఉంది. మన దగ్గర ఇది ఎవరూ పట్టించుకోరు. అక్కడ ప్రతి ఫారంలో ఇంటి పేరుకి వేరే గడి ఉంటుంది, ఇద్దరూ ఒకరేనా అని అడుగుతారు. టీచర్ల అనుమతి చూసే ఖురుసఫాకి కాగితాలు పంపాలంటే ఇది తేలాలి. నాన్న సత్తెనపల్లిలో నోటరీ దగ్గరికి, అక్కడి నుంచి యూనివర్సిటీకి మూడుసార్లు తిరిగి, డిగ్రీ నాదేనని లెటర్ తెచ్చి కొరియర్ చేశారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, నాకు చెప్పలేదు, అమ్మ తర్వాత చెప్పింది. బయటికి వెళ్లాలనుకునే వాళ్లు ఈ పేరు సంగతి ఇక్కడున్నప్పుడే సరిచేసుకోండి, దయచేసి.

పాత పర్మిట్ రద్దయితే ఆ రోజుతోనే వీసా పొడిగింపు కూడా పోతుంది. ఇమిగ్రేషన్‌లో 1,900 బాత్‌లు కట్టి దేశంలో ఉండటానికి ఇంకో ఏడు రోజుల గడువు తీసుకున్నాను. కొత్త వీసా కోసం స్కూలు కాగితాలు ఫైల్లో పెట్టుకుని రాత్రి బస్సులో నాంగ్ ఖాయ్ వెళ్లి, మెకాంగ్ మీద వంతెన దాటి లావోస్‌లోని వియంటియాన్‌లో థాయ్ ఎంబసీ ముందు పొద్దున్నే నిలబడ్డాను. మీ దేశం వెళ్లి అప్లై చేసుకోండి అని కొందరిని పంపేస్తారని విన్నాను, ఆ లైన్లో నిలబడినంత సేపూ అదే ఆలోచన. 2,000 బాత్‌లు కట్టించుకున్నారు, మర్నాడు మధ్యాహ్నం పాస్‌పోర్ట్‌లో నాన్-బీ వీసా, అంటే ఉద్యోగం కోసం ఇచ్చే వీసా, అంటించి ఇచ్చారు. (ఇప్పుడు ఇదంతా ఆన్‌లైన్ ఈ-వీసా అయిపోయింది.) నాన్నకి ఫోన్ చేస్తే ఆయన ముందు ఏమైనా తిన్నావా అని అడిగారు.

కొత్త బ్లూ బుక్ డిసెంబర్‌లో వచ్చింది. ఈసారి ఒరిజినలే నా చేతికిచ్చారు. ఆఫీసులోనే నిలబడి, పని చేసే చోటు అన్న లైన్ మీద వేలు పెట్టి ఆవిడతో గట్టిగా చదివించుకున్నాను. ఖోన్ కేన్ అన్న పేరు థాయ్ అక్షరాల్లో ఎలా ఉంటుందో ఆ రోజే నేర్చుకున్నాను.