నిండు నెలలు, కుదరని నిద్ర, ఒక బూరుగు దూది బాలీసు: నా అనుభవం

కనుమ నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక, భీమవరంలోని మా అత్తవారింట్లో వెల్లకిలా పడుకుని ఉండగా, నాకు ఒక్కసారిగా కళ్ళు తిరిగి, ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడింది. అప్పటికి నాకు 22వ వారం. అత్తయ్య కంగారుపడి మజ్జిగ కలుపుకొచ్చేలోగా నేను ఎడమవైపుకు ఒత్తిగిలాను. రెండు మూడు నిమిషాల్లో అంతా సర్దుకుంది. పండుగ పిండివంటలు అరగకనే అలా అయిందని ఇంట్లో అందరం అనుకున్నాం.

వారం తర్వాత నెలవారీ పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ సంగతి చెబితే డాక్టరమ్మగారు విడమరిచి చెప్పారు. కాళ్ళ నుంచీ నడుము నుంచీ రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర వెన్నెముకను ఆనుకుని కుడిపక్కగా ఉంటుందనీ, వెల్లకిలా పడుకుంటే పెరిగిన గర్భసంచి బరువు దానిమీద పడి గుండెకు చేరే రక్తం తగ్గుతుందనీ, నాకు కళ్ళు తిరగడానికి కారణం అదేననీ అన్నారు. 28 వారాలు దాటాక నిద్రకు ఉపక్రమించేటప్పుడు పక్కకు తిరిగే పడుకోవాలనీ, ఎడమవైపు మంచిదన్న పెద్దల మాటను కాదనక్కర్లేదు గానీ కుడివైపు తిరిగినా భయం లేదనీ, రాత్రివేళ మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నామని బెంగపెట్టుకోకుండా మళ్ళీ పక్కకు తిరిగితే సరిపోతుందనీ కూడా చెప్పారు. ఇంటికి వచ్చాక నేనూ చదివాను. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో గర్భిణుల కోసం వెలువరించిన సూచనల్లో, 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రపోవడానికీ బిడ్డ కడుపులోనే చనిపోవడానికీ సంబంధం ఉండవచ్చని చెబుతూ, పక్కకు తిరిగిన భంగిమ నిలబడటానికి తలగడల సాయం తీసుకోమని కూడా రాశారు. ఆ వాక్యం చదివిన తర్వాతనే నాకు తలగడల సంగతి పట్టించుకోవాల్సిన విషయంగా కనిపించింది.

అయితే నేను చిన్నప్పటి నుంచీ వెల్లకిలా తప్ప మరోలా నిద్రపోయి ఎరగను. పక్కకు తిరిగి పడుకుంటే కింది భుజం తిమ్మిరెక్కేది, పొట్ట ముందుకు జారి నడుమును లాగుతున్నట్టు ఉండేది, పై కాలు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. నా అవస్థ చూడలేక మావారు ఆన్‌లైన్‌లో యు ఆకారపు పెద్ద తలగడ ఒకటి తెప్పించారు. రెండు వేల రూపాయలకు పైగా పెట్టి కొన్న ఆ తలగడలో నింపింది కృత్రిమ దూది. విప్పగానే వచ్చిన ఘాటైన వాసన పది రోజులు ఎండలో పెట్టినా పూర్తిగా పోలేదు. వెనక్కి తీసుకోమంటే కవరు విప్పారు కాబట్టి వీలుపడదన్నారు. దానికన్నా పెద్ద ఇబ్బంది దోమతెరతో వచ్చింది. మా ప్రాంతంలో దోమతెర లేకుండా పడుకోలేము. ఆ తలగడ రెండు చేతులూ మంచం అంచుల దాకా వచ్చి తెరను బయటికి నెట్టేవి, తెరకు ఆనిన నా మోచేతిమీద, మోకాలిమీద తెల్లారేసరికి దద్దుర్లు ఉండేవి. రాత్రికి మూడు నాలుగుసార్లు బాత్రూముకు లేవాల్సిన మనిషి ప్రతిసారీ ఆ చుట్టు దాటుకుని దిగడమూ, మళ్ళీ లోపలికి చేరడమూ ఒక పని అయిపోయేది. వెడల్పాటి మంచమూ ఏసీ గదీ ఉన్నవారికి అది బాగానే పనికి వస్తుందని నా స్నేహితురాలి అనుభవం వల్ల తెలుసు. ముందూ వెనకా రెండువైపులా ఆసరా ఒకేసారి దొరుకుతుంది కాబట్టి పక్క మారినప్పుడు సర్దుకోవలసిన పని ఉండదు. నా ఇంటికీ, నా ఒంటికీ మాత్రం అది సరిపడలేదు.

ఫిబ్రవరిలో కొత్త బాధ మొదలైంది. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. రోజంతా నిలబడి ఇంటికి వచ్చేసరికి పొత్తికడుపు కింది ఎముక దగ్గర, తుంటి దగ్గర కలుక్కుమనేది, రాత్రి మంచంమీద పక్క మారేటప్పుడు ఆ నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గర్భం దాల్చాక కటి ఎముకల కీళ్ళను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయనీ, అందువల్ల ఈ నొప్పి చాలామందికి వచ్చేదేననీ చెప్పి, డాక్టరమ్మగారు నన్ను ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ నన్ను బల్లమీద పక్కకు తిప్పి పడుకోబెట్టి చూపించిన విషయం ఇన్నాళ్ళ నా తంటా అంతటికీ జవాబు. నేను అప్పటిదాకా ఒక చిన్న తలగడను మోకాళ్ళ మధ్య పెట్టుకుంటూ ఉన్నాను. మోకాళ్ళ మధ్య మాత్రమే ఎత్తు ఉంటే పై పాదం కిందికి వాలిపోయి తుంటి కీలు మెలిపడుతుందనీ, ఆసరా మోకాలి నుంచి చీలమండ దాకా ఒకే ఎత్తులో ఉండాలనీ, పై కాలు కింది కాలికి సమాంతరంగా, తుంటి ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఉండాలనీ ఆవిడ చెప్పారు. పక్క మారేటప్పుడు మోకాళ్ళు రెండూ దగ్గరగా బిగించి, భుజాలూ తుంటీ ఒక్కసారే తిప్పమన్నారు. లేచేటప్పుడు తిన్నగా పైకి లేవకుండా పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, మోచేతి మీద ఆని లేవమన్నారు. ఆ రాత్రే రెండు తలగడలు వరసగా పెట్టి చూస్తే నొప్పి సగానికి సగం తగ్గింది. కాకపోతే రెండు తలగడలూ నిద్రలో విడిపోయి ఒకటి మంచం కిందికి పోయేది.

ఫిబ్రవరి నెలాఖరుకు సెలవు పెట్టి, ఏడో నెలలో పురిటికి పుట్టింటికి బయలుదేరాను. మాది రాజోలు దగ్గర పల్లె. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి వెళ్ళే ఆ ప్రయాణంలో నడుము వెనక చుట్టిన తువ్వాలు ఒకటి పెట్టుకుని, సీటుబెల్టు పొట్ట కిందుగా వచ్చేలా కట్టుకున్నాను. పెద్దగా శ్రమ అనిపించలేదు. ఇంటికి చేరాక మొదటి రాత్రే అమ్మమ్మతో వాదన వచ్చింది. పడుకునే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగకూడదనీ, లేచి కూర్చుని అప్పుడు తిరగాలనీ, లేకపోతే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందనీ అమ్మమ్మ నమ్మకం. "నా మాట విను అమ్మలూ, నీ మంచికే చెబుతున్నాను" అని మంచం పక్కనే కూర్చుంది. బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం బిడ్డ లోపల కదలడం వల్ల జరిగేదే తప్ప తల్లి పక్క మారడం వల్ల కాదనీ, అది చాలా కాన్పుల్లో కనిపించేదేననీ, ఎక్కువసార్లు బిడ్డకు ఏమీ కాదనీ డాక్టరమ్మగారు నాకు ముందే చెప్పి ఉన్నారు. నొప్పితో ఉన్న మనిషి రాత్రికి పదిసార్లు లేచి కూర్చోవడం ఎంత కష్టమో చెప్పి, ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతిలో మోకాళ్ళు బిగించి తిరిగి చూపించాను. అమ్మమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, మర్నాటి నుంచి లేచి కూర్చోమని అడగలేదు.

బాలీసు ఆలోచన అమ్మది. మా పెరటి గట్టున బూరుగు చెట్టు ఉంది. కిందటేడు కాయలు పగిలినప్పుడు ఏరి, గింజ తీసి, గోనెసంచిలో కట్టి అటకమీద దాచిన దూది ఉంది. బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉండి, పైన మైనపు పూతలాంటిది ఉండటం వల్ల తడిని తొందరగా పీల్చదు, చాలా తేలిక. ఒకప్పుడు ఓడల్లో వాడే తేలుడు కోట్లలో ఈ దూదినే నింపేవారు. గోదావరి డెల్టా ఉక్కపోతలో కృత్రిమ దూది కన్నా ఇది ఎందుకు హాయిగా ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. పరుపులు కుట్టే పెద్దాయన ఇంటికే వచ్చి, దూది మళ్ళీ ఏకి, అమ్మ అడిగిన కొలతకు కుట్టాడు. పొడవు నాలుగు అడుగులు, అడ్డం ఎనిమిది అంగుళాలు, దూది కిలోన్నర లోపు. ఆయన అలవాటు కొద్దీ బాలీసును గట్టిగా కూరబోతుంటే నేను ఆపి, మోకాలు కొద్దిగా దిగేలా వదులుగా ఉంచమని అడిగాను. "ఆయ్, అలాగేనండి, కానీ ఆర్నెల్లకి దిగిపోద్దండి" అన్నాడు. నాకు మూడు నెలలు ఉంటే చాలన్నాను. ఈ దూది నలుసులు పలచటి గుడ్డలోంచి బయటికి వచ్చి ముక్కుకు ఇబ్బంది పెడతాయి కాబట్టి లోపలి సంచిని దగ్గర నేత ఉన్న మందపాటి పరుపుగుడ్డతో కుట్టించి, పైన పాత నూలు చీరతో గలీబులు మూడు కుట్టుకున్నాం. పిన్ని నరసాపురం లేసు అల్లిన అందమైన గలీబు ఒకటి ఇచ్చింది. చెంపకు గుచ్చుకుంటుందని దాన్ని పగటిపూట మాత్రం వేసేవాళ్ళం.

ఏప్రిల్ నాటికి నా పడక ఒక పద్ధతికి వచ్చింది. ముందుగా నవారు మంచం మానేశాను, ఎందుకంటే నవారు ఎంత బిగించినా నడిమికి కుంగి, తుంటి లోతుకు పోయి నడుము వంగేది. చెక్క మంచంమీద పలచటి పరుపే మేలు. తల కింద తలగడ ఒక్కటే, కానీ భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తుది, భుజం మాత్రం దాని మీదికి ఎక్కకుండా. బాలీసును పై చేత్తో కౌగిలించుకుంటే దాని పై భాగం రొమ్ముల దగ్గర ఉండి పై చేతి బరువు మోసేది, కింది భాగం మోకాలి నుంచి చీలమండ దాకా వచ్చేది. పొట్ట కింద మాత్రం బాలీసు అందదు. అక్కడ ఒక పాత నూలు చీరను నాలుగు మడతలు పెట్టి, పొట్ట కిందికి సగం మాత్రమే దోపేదాన్ని. పొట్టను పైకి ఎత్తాలన్నది నా ఉద్దేశం కాదు, అది కిందికి వేలాడకుండా ఆనితే చాలు. మడతలు ఆరు చేసిన రోజున నడుము నొప్పి ఎక్కువైంది. వెనక, నడుము దగ్గర ఇంకో చిన్న తలగడ. నిద్రలో వెల్లకిలా వాలబోతే అది అడ్డుపడి, పూర్తిగా వాలనిచ్చేది కాదు. మెలకువ వచ్చినప్పుడు బాలీసును ముందుగా ఎత్తి అవతలికి వేసి, మోకాళ్ళు బిగించి తిరిగి, చీర మడతనూ వెనక తలగడనూ తడుముకుని పెట్టుకోవడం, దీపం వెయ్యకుండానే, నిమిషంలో అయిపోయేది. మంచం వెడల్పులో ఇదంతా పట్టి, దోమతెరకూ నాకూ మధ్య జానెడు ఎడం మిగిలేది.

మే నెలలో గుండెల్లో మంట వచ్చింది. కొత్తావకాయ కలిపిన రోజున వేలెడంత ముద్ద తిన్నందుకు అర్ధరాత్రి దాకా కూర్చునే ఉన్నాను. గర్భిణీ స్త్రీలలో ఆహారనాళం కింది మూత వదులవుతుంది, పైగా గర్భసంచి కింది నుంచి నెడుతుంది. తలకింద ఇంకో రెండు తలగడలు పెట్టుకుంటే మెడ మాత్రమే వంగి పొట్ట మరింత నొక్కుకుపోయింది. నాన్న మంచం తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల చెక్క దిమ్మలు రెండు పెట్టారు. మంచం మొత్తం వాలుగా ఉండటం వల్ల ఛాతీ కూడా ఎత్తుకు వచ్చి మంట తగ్గింది. రాత్రి భోజనం ఏడింటికే ముగించడమూ ఎడమవైపు పడుకోవడమూ కూడా తోడ్పడ్డాయి. కరెంటు పోయిన రాత్రులు మాత్రం ఏ తలగడా సాయపడదు. అలాంటప్పుడు బాలీసును తీసేసి, చీర మడతను మోకాళ్ళ మధ్యకు మార్చుకుని, అమ్మ తాటాకు విసనకర్రతో విసురుతుంటే కునుకు తీసేదాన్ని. గలీబు రోజూ మార్చి, బాలీసును వారానికి రెండుసార్లు ఎండలో వేసి తట్టేవాళ్ళం. ఉతకబోతే మాత్రం దూది ఉండలు కట్టి పాడవుతుంది.

నేను నిద్ర కోసం ఇంత పాటుపడినా, తలగడతో తీరని వాటిని తలగడతో తీర్చుకోవాలని చూడలేదు. పాదాల వాపు పగలు కాళ్ళు ఎత్తుమీద పెట్టుకుంటే తగ్గేది. కానీ ముఖమూ చేతులూ ఉబ్బి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే అది రక్తపోటు లక్షణం కావచ్చనీ, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదనీ, అరిచేతులూ అరికాళ్ళూ విపరీతంగా దురద పెడితే చెప్పి తీరాలనీ నాకు ముందే హెచ్చరించారు. 36వ వారంలో ఒక రాత్రి కదలికలు మందగించినట్టు తోచి, ఆ వేళప్పుడే ఆసుపత్రికి వెళ్ళాం. పరీక్ష చేసి బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. ఇంత చిన్నదానికి వచ్చారేమని ఎవరూ అనలేదు.

మే ఆఖరి వారంలో పాప పుట్టింది. పాలిచ్చేటప్పుడు అదే బాలీసును ఒడిలో వంచి పెట్టుకుంటే పాప నా రొమ్ము ఎత్తుకు వచ్చేది, నేను ముందుకు వంగనక్కర్లేకపోయేది. ఇంటికి వచ్చిన రోజున అమ్మమ్మ పాప తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి సిద్ధంగా ఉంచింది, దొర్లకుండా ఇరుపక్కలా రెండు చిన్న బాలీసులు కూడా. పాలు తాగే పసికందు పడకలో తలగడ గానీ బాలీసు గానీ మెత్తటి గుడ్డల కుప్ప గానీ ఉంటే ముక్కుకు అడ్డుపడి ఊపిరి ఆడకపోవచ్చనీ, ఏడాది నిండేదాకా ఏదీ పెట్టకుండా, గట్టి పరుపుమీద వెల్లకిలా పడుకోబెట్టమనీ పిల్లల డాక్టరుగారు చెప్పి పంపారు. నేను ఆ మాట చెప్పగానే అమ్మమ్మ ఆవాల దిండును చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత తనే ఉయ్యాలలోంచి రెండు బాలీసులూ తీసి నా నడుము వెనక పెట్టి, పాపను ఉయ్యాల అడుగున వెల్లకిలా పడుకోబెట్టింది.