తోటి వేషం కట్టిన దిష్టిబొమ్మ

సంక్రాంతికి మా కాలనీ పార్కులో దిష్టిబొమ్మల ప్రదర్శన పెడదామని వాట్సాప్ గ్రూపులో మాట వచ్చినప్పుడు సగం మంది నవ్వే ఎమోజీలు పెట్టారు. తిరుపతిలో కట్టే ప్రతి కొత్త ఇంటికీ మీసాల రాక్షసుడు వేలాడుతూనే ఉంటాడు కదా, మళ్ళీ ఇదెందుకని. ఆ బొమ్మ కాదు, చేలో నిలబెట్టేది, ఒక్కో వీధి ఒక్కో అంశం తీసుకుని మనిషంత ఎత్తున చేసి బయట ఎండలో నిలబెట్టాలి అని చెప్పాక కదిలారు. కార్తీకంలో పెడదామన్నవాళ్ళూ ఉన్నారు గానీ ఇక్కడ గట్టి వానలు పడేదే ఆ రోజుల్లో, గడ్డి ఒక్కసారి తడిసిందంటే కంపు భరించలేం.

మా వీధి గంగజాతర వేషాలు తీసుకుంది. ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నా: ఆడవాళ్ళని చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ తాతయ్యగుంట గంగమ్మ రోజుకో వేషం వేసిందని కథ, అందుకే మే నెలలో జాతరకి జనం కూడా బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం కడతారు. సున్నపు కుండల వేషం కూడా ఉంది. అసలు నాకు ఈ ఆలోచన వచ్చింది దాంతోనే. చేలో బొమ్మకి తలకాయంటే బోర్లించిన మట్టికుండ, దాని మీద సున్నపు చుక్కలు, ఇంక వేషం సగం అయిపోయినట్టే కదా!

మాతంగి దగ్గర మాత్రం గొడవైంది. పిల్లలు పాత పట్టుచీర కూడా తెచ్చేశారు, ఎదురింటి పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఆ తల్లిని తీసకపోయి కాకుల్ని తోలేదానికి నిలబెడతారా?" అంది. పిల్లలు మొహాలు మాడ్చుకున్నారు గానీ నాకు ఆమె మాటే సరైందనిపించింది, మాతంగిని వదిలేశాం. దొర వేషం ఇంకో తమాషా. దొర అనగానే వాళ్ళకి టోపీ పెట్టుకున్న తెల్లదొర గుర్తొచ్చాడు, ఒకడు ప్లాస్టిక్ తుపాకీ కూడా పట్టుకొచ్చాడు. జాతరలో దొర అంటే ఒంటికి గంధం పూసుకునేవాడురా అని చెప్పి, గంధం రంగు పాత పంచె చుట్టి తలపాగా కట్టించాం.

అసలు పని నేర్పింది మా వాచ్‌మన్ పెద్దాయన. ఆయనది పలమనేరు పక్కన పల్లె, శనక్కాయ చేనుంది. మేమందరం కుండ ముందు కూర్చుని కళ్ళెట్లా గీయాలి, మీసం ఎంత పొడుగుండాలి అని వాదించుకుంటా ఉంటే వచ్చి, "మొగం ఎవురు చూస్తారు సామీ, దూరం నుంచి భుజాలే కదా కనబడేది" అన్నాడు. నిలువు కట్టెకి అడ్డకట్టెని సమానంగా కట్టకుండా ఒకవైపు జానెడు కిందికి దించి బైండింగ్ వైరుతో బిగించాడు, అంతే, ఇంకా గడ్డి కూడా కూరని కట్టెలు ఒక పక్కకి ఒరిగి నిలబడ్డ మనిషిలా కనబడ్డాయి. మోకాలి దగ్గర రెండు ముక్కలు కలిపి కొంచెం వంచితే నడుస్తున్నాడనిపిస్తుంది. గడ్డి కూరేటప్పుడు మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర పురికొసతో బిగించి కట్టాలి, లేకపోతే నాలుగు రోజులకే గడ్డంతా కిందికి జారి చేతులు సన్నబడి కాళ్ళు బోదకాళ్ళవుతాయి. చొక్కా చేతులు పొడుగ్గా వదిలేయమన్నాడు, గాలికి ఊగాలి. కదలని బొమ్మకి పిట్టలు తొందరగానే అలవాటు పడిపోతాయి, తర్వాత దాని నెత్తినే వాలతాయి. పార్కుకొచ్చే మనుషులూ అంతే, ఊగేదాని దగ్గరే ఆగారు.

తోటి వేషానికి నల్లగుడ్డ చుట్టి, దాని మీద బొగ్గుపొడి పూసి, వేపమండలు కట్టాం. వేపాకు రోజూ మార్చాల్సి వచ్చింది, ఎండకి కాదు, కోతుల వల్ల. అలిపిరి వైపు నుంచి వచ్చే కోతులకి దిష్టిబొమ్మంటే లెక్కేలేదు, దొరగారి తలపాగా విప్పి చెట్టెక్కించాయి.

ప్రదర్శనలో నాకు బాగా నచ్చింది మాది కాదు. వెనక వీధివాళ్ళు బెంగళూరు బస్సు కోసం నిలబడ్డ కుర్రాణ్ణి చేశారు. వీపున బ్యాగు, చేతిలో ఫోను, మెడ దాంట్లోకి వంగిపోయి ఉంది. కళ్ళూ లేవు, ముక్కూ లేదు, ఉత్త గోనెసంచి తల. అయినా పార్కులో ప్రతి తల్లీ దాన్ని చూసి "అచ్చం మావాడే" అంది. జపాన్‌లో షికోకు దీవిలో నగోరో అని ఒక పల్లె ఉంది, అక్కడిప్పుడు మనుషుల కన్నా ఇలాంటి బొమ్మలే ఎక్కువ. త్సుకిమి అయానో అనే ఆవిడ చేను కోసం వాళ్ళ నాన్న పోలికతో మొదటి బొమ్మ చేస్తే, దారినపోయేవాళ్ళు ఆయనే అనుకుని పలకరించారట. చేను పనిలో ఉన్న మనిషి ఎట్లా నిలబడతాడో అట్లా నిలబెట్టి ఉంటుంది మరి.

పండగ అయిపోయాక గడ్డి పక్క వీధి ఆవులకి వేద్దామనుకున్నాం, బొగ్గు, రంగు అంటనిది మాత్రమే పనికొచ్చింది. తోటిని పెద్దాయన చేనుకి తీసుకెళ్తానన్నాడు. అక్కడ పందులు కూడా భయపడతాయా అని అడిగా.

"పందులా? వాటికి ఇవేమీ పనిచేయవు సామీ. చేను చుట్టూ పాత చీరలు కట్టాల్సిందే. ఆ పట్టుచీర మిగిలింది కదా, అది గూడా ఇస్తావా?"