సీటు కింద ఓ శనివారం

పొద్దున్న తొమ్మిదింటికి బేస్‌మెంట్‌లోకి దిగినవాణ్ణి సాయంత్రం ఆరున్నరకి పైకి వచ్చాను. మధ్యలో మెట్రో ఎక్కి ఊరి అవతలికి వెళ్ళొచ్చిన మూడు గంటలు తీసేస్తే, మిగతాదంతా కారు డ్రైవర్ సీటు కిందే గడిచింది. నడుము పట్టేసింది. గోళ్ళ సందుల్లో గ్రీజు సర్ఫ్‌కీ పోలేదు, శనగపిండికీ పోలేదు. రాత్రి అత్తయ్యగారు ప్రేమగా వడ్డించిన గోంగూర పప్పన్నాన్ని స్పూనుతో తిన్నాను. ఆవిడ చూసి చూడనట్టు ఊరుకున్నారు.

సంగతేమిటంటే, మూడు వారాలుగా నా సీటు మోగుతోంది. నాకు అది 'కిర్రు'. మా ఆవిడకి 'కీచు'. మా చిన్నదాని లెక్కలో సీట్లో పిచ్చుక ఉంది. మా వీధి చివరి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కేలోపు ఏడు హంపులున్నాయి. వాటిలో రెండింటికి పెయింటు కూడా లేదు, ఎగిరి పడ్డాకే తెలుస్తాయి. ఏడింటికీ ఏడుసార్లు కిర్రు. ఆ తర్వాత ఈ బెంగళూరు రోడ్ల మీద కుందలహళ్ళి నుంచి మారతహళ్ళి దాకా గతుకుకొక కిర్రు. ఇంజన్ మోతైనా అలవాటవుతుందిగానీ ఇలాంటి సన్నటి చప్పుడు అలవాటు కాదు. రాని రోజు కూడా వస్తుందేమోనని చెవి అటే ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, బేస్‌మెంట్‌లో ఎంత ఊపినా మోగదు. కూర్చుని ఊగాను, వెనక్కి వాలాను, సీటు ముందుకీ వెనక్కీ జరిపాను. ఊహూ. సర్వీసుకి ఇచ్చినచోట కుర్రాడు కూడా ఆవరణలోనే ఒక రౌండు కొట్టి, ఏమీ వినపడక, చివరికి "సీటు అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్" అన్నాడు. చప్పుడే వినపడనివాడికి అసెంబ్లీ మార్చాలని ఎలా తెలిసిందో అడగాలనిపించింది. అడగలేదు.

రెండు వారాల క్రితం మొదటి ప్రయత్నంగా సీటు జారే పట్టాల మీద డబ్ల్యూడీ-40 కొట్టాను. మన ఇళ్ళల్లో తలుపు బందుల నుంచి సైకిల్ చైను దాకా అన్నిటికీ అదే మందు. ఆ పేరులోనే దాని పనేమిటో ఉంది: 'వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్', అంటే నీటిని తొలగించేది, నలభయ్యో ప్రయత్నం. 1953లో అమెరికాలో తుప్పు పట్టకుండా తయారుచేసుకున్న సరుకు అది. పట్టేసిన మర ఊడదీయడానికి భేషుగ్గా ఉంటుందిగానీ, రోజూ జారే పట్టాల మీద గ్రీజులా నిలబడదు. పైగా ఉన్న పాత గ్రీజుని కూడా కరిగించి కిందికి దించేస్తుంది. తప్పు డబ్బాది కాదు, వెనకాల రాసింది చదవని నాది. రెండు రోజులు సీటు మహా తేలిగ్గా జారింది, మూడో రోజుకి మరీ బరువుగా జరగడం మొదలెట్టింది. కిర్రు మాత్రం మొదటి రోజు నుంచీ అలాగే ఉంది.

అందుకని ఈ శనివారం పద్ధతిగా చేద్దామనుకున్నాను. పక్క ఫ్లాటాయన సాకెట్ల సెట్టూ, బోల్టు ఎంత గట్టిగా బిగించామో కొలిచే టార్క్ రెంచీ ఇచ్చారు. ఆయనది హోసూరు, మాటలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసి ఉంటాయి. "బ్యాటరీ తీసినాకే సీటు ముట్టుకోవల్ల" అని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చారు. నిజమే, సీటు కింద వైర్లు ఉంటాయి. పసుపురంగు కనెక్టర్ కనబడితే అది ఎయిర్‌బ్యాగుల తాలూకు. దాని జోలికి పోకూడదు. బ్యాటరీ నెగటివ్ తీసి, కాఫీ తాగొచ్చేంతసేపు ఆగి అప్పుడు మొదలెట్టాను. నా కారులో సీటు కింద ఉన్నది బెల్టు పెట్టుకోకపోతే మొత్తుకునే బీప్ తాలూకు వైరు ఒక్కటే. 2019 జులై తర్వాత తయారైన కార్లన్నిట్లో ముందు సీట్లకి ఆ మొత్తుకోలు తప్పనిసరి చేశారు. అదీ పీకకుండా, నాలుగు బోల్టులు మాత్రం తీసి సీటుని వెనక్కి వాల్చి పెట్టొచ్చు.

ముందు రెండు బోల్టులూ 14 నంబరు సాకెట్‌కి బుద్ధిగా తిరిగాయి. వెనక ఎడమదీ వచ్చింది. కుడిదానికి తుప్పు. ఎప్పుడో మా చిన్నది నీళ్ళ సీసా అక్కడే ఒంపింది, నాకు గుర్తుంది. దాని దగ్గరే ముప్పావుగంట. డబ్ల్యూడీ-40ని తిట్టుకున్నానా, అదే ఇక్కడ పనికొచ్చింది.

సీటు వెనక్కి వాల్చాక కనబడిన దృశ్యం గురించి రాయకపోతే ఈ డైరీకి అన్యాయం చేసినట్టే. ఐదు రూపాయల బిళ్ళలు నాలుగు, రూపాయివి లెక్కలేనన్ని. మూత లేని స్కెచ్ పెన్నులు రెండు. మా ఆవిడ పోయిందనుకుని కొత్తది కొనుక్కున్న చెవి పోగు, వెనక శీలతో సహా. చిత్తూరు వైపు వెళ్ళినప్పుడు దారిలో కొన్న వేరుశనక్కాయల తొక్కలు. పండక్కి ఊరి నుంచి తెచ్చిన అరిసె ముక్క ఒకటి, రాయిలా బిగుసుకుపోయి, చీమ కూడా ముట్టుకోకుండా. పట్టాల నిండా నల్లటి బంక. పాత గ్రీజు, దుమ్ము, తలవెంట్రుకలు, బిస్కట్ పొడి అన్నీ కలిసి ముద్దయిపోయాయి. అగ్గిపుల్లతో గీకి, పాత బనీను పీలికలతో తుడిచి, మళ్ళీ గీకి... ఇది తవ్వకాల పనిలా సాగింది. ఒక్కో పొరకి ఒక్కో ఏడాది.

నిజం చెప్పాలంటే ఆ గంటన్నర హాయిగా గడిచింది. ఫోను పైనే వదిలేశాను. వారమంతా కనబడని వాటిని బాగుచేసే ఉద్యోగం నాది. చేత్తో గీకితే పోయే మురికి చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు. సీటు పక్కన ఉండే ప్లాస్టిక్ పట్టీ తీయబోతే లోపలి క్లిప్పు టప్పుమని విరిగింది. గోరంత తెల్ల ప్లాస్టిక్ ముక్క. అది లేకపోతే పట్టీ వదులుగా ఉండి, అదొక కొత్త కిర్రు. దగ్గర్లో హార్డ్‌వేర్ షాపులో అడిగితే, "జే.సీ. రోడ్డుకే పోవాలి సార్" అన్నాడు. రేపు ఆదివారం, అక్కడ షాపులు చాలావరకు మూసేస్తారు. కారేమో సీటు ఊడి పడి ఉంది. మెట్రోనే దిక్కు.

కుందలహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగాను. 2023 అక్టోబరులో ఈ వైట్‌ఫీల్డ్ లైను మధ్యలో తెగిన ముక్క కలిసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే శనివారం మధ్యాహ్నం ఈ ప్రయాణం తలచుకోవడానికే భయం. జే.సీ. రోడ్డంటే జయచామరాజేంద్ర రోడ్డు, టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ వైపు. నాటకాలాడే రవీంద్ర కళాక్షేత్ర ఆ రోడ్డు మీదే, కార్ల పేగులు అమ్మే దుకాణాలూ ఆ రోడ్డు మీదే. అద్దాలు, బంపర్లు, సీటు కవర్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. నేను విరిగిన ముక్కని రుమాల్లోంచి తీసి చూపించాను, పంటి డాక్టరుకి ఊడిన పన్ను చూపించినట్టు. కొట్టాయన "యావ గాడి సార్?" అని ఒక్క మాట అడిగి, డబ్బాలో చెయ్యిపెట్టి చూడకుండానే అలాంటివే మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై రూపాయలు. తెల్ల లిథియం గ్రీజు కూడా ఒక ట్యూబు తీసుకున్నాను. రానుపోను మెట్రో ఖర్చుకి క్లిప్పులు ఇంకో గుప్పెడు వచ్చేవి. ఆ లెక్క మా ఆవిడకి చెప్పలేదు.

తిరిగి వచ్చి గ్రీజు పల్చగా రాసి, సీటు పట్టాల మీద కూర్చోబెట్టి, నాలుగు బోల్టులూ ముందు చేత్తో పట్టించి, అప్పుడు రెంచితో మాన్యువల్‌లో ఉన్న అంకె దాకా బిగించాను. సీటు బోల్టు దగ్గర 'ఇంత చాల్లే' పనికిరాదు. గుద్దుకున్నప్పుడు మనిషిని ఆపేది బెల్టయితే, సీటుని ఆపేది ఈ నాలుగే. బ్యాటరీ కలిపాను. సీటు వెన్నలా జారింది. ఊగాను, నిశ్శబ్దం. విజయగర్వంతో బెల్టు పెట్టుకుని బయటికి తీశాను.

మొదటి హంపు. కిర్రు.

రెండో హంపు దాకా వెళ్ళబుద్ధి కాలేదు. తిప్పుకుని వచ్చేశాను. పైకి వెళ్ళి సోఫాలో కూలబడితే, మా ఆవిడ మంచినీళ్ళిచ్చి, కాసేపాగి, "మా అమ్మ ఒక మాట చెప్పమంది" అంది.

అత్తయ్యగారు చీరాల నుంచి వచ్చి పది రోజులయింది. నాతో నేరుగా మాట్లాడరు. మాట్లాడకూడదని కాదు, ఆవిడ పద్ధతి అంతే. నేను హాల్లో ఉంటే ఆవిడ కుర్చీలో కూర్చోరు. నాకు చెప్పాల్సింది ఏదున్నా, నేను రెండడుగుల దూరంలో ఉన్నా, కూతురి మీదుగా వస్తుంది. "అబ్బాయికి ఇంకాస్త మజ్జిగ పొయ్యవే" లాగ. పెళ్ళయిన కొత్తలో నవ్వొచ్చేది, ఇప్పుడు నాకూ అలవాటయి నేనూ మా ఆవిడతోనే జవాబు పంపిస్తున్నాను.

ఆవిడ ముప్పయ్యేళ్ళు ఇంట్లో మిషను కుట్టారు. వీధి వీధంతా ఆవిడ కుట్టిన జాకెట్లే. కారులో వెనక ఎడమవైపు కూర్చుంటారు. నా వీపు, రెండు సీట్ల మధ్య సందు ఆవిడకి బాగా కనబడతాయి. ఆవిడ చెప్పిందేమిటంటే: "గేటు దగ్గరికి రాగానే అబ్బాయి బెల్టు తీసేస్తాడు కదా. తీసేశాక లోపలికి దిగేచోట కూడా ఎత్తు ఉంది, అక్కడ మాత్రం మోగట్లేదు. బెల్టు గుచ్చే ముక్క సీటుకి రాసుకుంటోంది. మిషను కూడా అంతే, మోగినచోటల్లా నూనె పోస్తే గుడ్డ పాడవుద్ది. ఏది దేనికి రాసుకుంటోందో చూడాలి."

నాకు మాట రాలేదు. బేస్‌మెంట్‌లో నేను మూడు వారాల పాటు ఊగింది బెల్టు లేకుండానే. సర్వీసు కుర్రాడు తిప్పిందీ బెల్టు లేకుండానే అయ్యుంటుంది, ఆవరణలో ఎవరు పెట్టుకుంటారు? బెల్టు పెట్టుకోగానే అది ఆ బకిల్‌ని పైకి లాగి సీటు పక్క ప్లాస్టిక్‌కి ఆనిస్తుంది. హంపు మీద ఒళ్ళు కిందికి దిగుతుంది, బకిల్ కదలదు. రెండు గట్టి ప్లాస్టిక్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ జారి, క్షణంలో ఎన్నో వందలసార్లు. అదే కిర్రు. వయొలిన్ తీగ మీద కమాను చేసేదీ సరిగ్గా ఇదే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో ఈ బెంగళూరులోనే పుట్టి, విజయనగరం వెళ్ళి అంత పేరు తెచ్చుకున్నది ఈ పట్టు విడుపుల మీదే. ఆయన చేతిలో సంగీతం, నా సీట్లో పిచ్చుక.

"ఎప్పుడు చెప్పారావిడ?" అన్నాను.

"మంగళవారం."

"మరి నువ్వు పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"మీరు సాకెట్లు అవీ తెచ్చుకుని మంచి హుషారుగా ఉన్నారు."

ఇందులో వెటకారం ఎంత, నిజం ఎంత అన్నది తేల్చుకోలేకపోయాను. ఎదురుగా వంటింటి గుమ్మంలో అత్తయ్యగారి చీర కొంగు కనబడుతోంది. మాట వినబడుతూనే ఉంటుంది.

ముగ్గురం కిందికి దిగాం. నేను బెల్టు పెట్టుకుని కూర్చున్నాను, మా ఆవిడ బయట నుంచి కారుని ఊపింది, అత్తయ్యగారు వెనక సీట్లోంచి వంగి బకిల్ మీద రెండు వేళ్ళు పెట్టారు. కిర్రు ఆగింది. వేళ్ళు తీశారు, కిర్రు. మళ్ళీ పెట్టారు, ఆగింది. నాడి చూసే వైద్యుల్లా ఉన్నారు ఆ క్షణంలో.

పైకి వచ్చాక ఆవిడ బిస్కట్ల రేకు డబ్బా తెరిచారు. దారపుండలు, హుక్కులు, గుడ్డ ముక్కలు. అందులోంచి చిలకపచ్చ వెల్వెట్ ముక్క ఒకటి బయటికొచ్చింది. ఎవరిదో పెళ్ళి జాకెట్‌లో మిగిలిందట. ఇక్కడ మిషను లేదు కాబట్టి చేత్తోనే కుట్టారు, కుట్టు కుట్టుకీ మధ్య నువ్వుగింజంత దూరం కూడా లేకుండా. బకిల్ కాడకి తొడిగే గొట్టంలాంటి తొడుగు, రెండు చివరలా సన్న ఎలాస్టిక్. "ఎర్ర బటన్ మూసుకుపోకూడదని అమ్మకి చెప్పు" అన్నాను మా ఆవిడతో. అప్పటికే ఆవిడ కుట్టుటేపుతో కొలిచి, ఎర్ర బటన్, నాలుక దూరే సందు రెండూ బయటికి ఉండేలా పొడవు తగ్గించి కుట్టారని తర్వాత చూశాను.

తొమ్మిదింటికి తొడిగి బయటికి తీశాను. ఏడు హంపులు వెళ్ళాను, ఏడు హంపులు వచ్చాను. చప్పుడు లేదు. బూడిదరంగు సీట్ల మధ్య చిలకపచ్చ తొడుగు దీపంలా మెరుస్తోంది. సోమవారం ఆఫీసులో ఎవరైనా ఎక్కితే ఏమని చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. బ్యాటరీ తీసి పెట్టడంతో కారు గడియారం టైము తప్పింది, అది రేపు సరిచేస్తాను.

పైకి వచ్చేసరికి అత్తయ్యగారు కిందే చాప మీద కూర్చుని అదే ముక్కలోంచి ఇంకోటి కుడుతున్నారు.

"ఎడమ సీటు మోగట్లేదు కదా" అన్నాను, గోడతో అన్నట్టు.

ఆవిడ సూదిలోంచి తలెత్తలేదు. "ఒంటిది బాగోదని చెప్పవే" అన్నారు.